విశ్రాంతి తర్వాత కూడా కూర్చో

నెల్లూరు, మూలాపేట

చిరంజీవి అమ్మణ్ణికి,

అత్త ఆశీర్వదించి రాసేది. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. నువ్వు ప్రేమ సినిమాల గురించీ, కొరియా, చైనా సీరియళ్ళ గురించీ నీకేమనిపించిందో తెలుగులో రాసి, పేరూ ఫొటోతో సహా నెట్‌లో పెట్టబోతున్నావట. మీ అమ్మకు సంబంధాల టెన్షన్. “పెళ్ళి కావలసిన పిల్ల, ఎవరో హీరోను చూసి ఏడ్చానని ఊరందరికీ చెప్పుకుంటుందా వదినా” అంటుంది. నేను గట్టిగానే నీ వైపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో మీ నాన్న తర్వాత కలం పట్టింది నువ్వే కదా అని సంతోషం. మీ నాన్నకు జరిగినట్టు నీకు జరుగుతుందేమోనని భయం. మీ నాన్న రాసేవాడని నీకు తెలియదు కదూ? ఆ సంగతికి వస్తాను.

ముందు తేలికవి చెప్పేస్తా. నటుల పేర్లు సరిగా రాయి. కొరియా వాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని వెనక్కు తిప్పకు. ఏ సంవత్సరంలో వచ్చిందో, ఎన్ని ఎపిసోడ్లో ఒక ముక్కలో చెప్పు. చివర ఏమవుతుందో బయటపెట్టే ముందు హెచ్చరించు. ఒకటిన్నర స్పీడులో చూడకు. ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా నిలబడ్డ చోటు చూడమని వాళ్ళు అంత కష్టపడి తీస్తే, నువ్వు దాన్ని పరిగెత్తిస్తావా? రాత్రి రెండింటి దాకా కూర్చోకు, పొద్దున ఆఫీసుంది.

కథ మొత్తం అప్పజెప్పకు. కథ కావలసినవాళ్ళు వెళ్ళి చూస్తారు. నీ దగ్గర ఉండేది నీకు ఎక్కడ తగిలిందో ఆ ఒక్కటే. నువ్వే చూడమన్నావని ‘రిప్లై 1988’ అనే కొరియా సీరియల్ మొదలుపెట్టాను కదా. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక సందులో పిల్లలు గిన్నెలు పట్టుకుని ఈ ఇంటి కూర ఆ ఇంటికి, ఆ ఇంటిది ఈ ఇంటికి తిప్పుతూ ఉంటారు. చివరికి అందరి బల్లల మీదా అందరి వంటలూ ఉంటాయి. ఆ సీన్ చూసి నవ్వాను. ఎందుకంటే మా చిన్నప్పుడు చేపల పులుసు గిన్నె మూత పెట్టి నన్ను పంపితే, దారిలో మూత తీసి వాసన చూసినందుకు ఎదురింటి పెద్దమ్మ తిట్టేది. అదే ఎపిసోడ్‌లో ఇంకో సీన్ ఉంది. ప్రతి ఏడూ అక్క పుట్టినరోజు కేకుతోనే తనదీ కానిచ్చేస్తున్నారని హీరోయిన్ పిల్ల ఏడుస్తుంది. తండ్రి రాత్రిపూట సందులో చిన్న కేకు పట్టుకుని వచ్చి క్షమించమంటాడు. అక్కడ నేను టీవీ ఆపేసి వంటింట్లోకి పోయి నిలబడ్డాను. మా ఇంట్లో నాన్న అనే మనిషి నోట క్షమించమనే మాట నేను వినలేదు. అదీ రాయవలసింది. ఆ పిల్ల పేరేమిటి, తండ్రి ఏ బ్యాంకులో పనిచేస్తాడు అన్నవి రెండో సంగతి.

అత్తకు ఇవన్నీ ఎక్కడ తెలుసు అనుకోబోకు. నీకంటే ముందునుంచే చూస్తున్నాను. నెల్లూరులో తమిళ చానెళ్ళు ఎప్పటినుంచో వస్తాయి. పుదుయుగం అనే చానెల్‌లో కొరియా సీరియళ్ళు తమిళం డబ్బింగ్ చేసి వేసేవాళ్ళు. మీ మామయ్య వార్తలు పెట్టమని గొడవ, నేను వినేదాన్ని కాదు. అవి చూసినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. కారు, మేడ, బోలెడంత డబ్బు, నోట్లోంచి మాట రాని హీరో. యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం లైబ్రరీలో వరుసలో నిలబడ్డ తరం మాది. ఆ హీరో సియోల్‌లో ఉంటే నేను గుర్తుపట్టనా?

ఏడ్చానని రాసుకోవడానికి సిగ్గుపడబోకు. 2002లో కొరియాలో ‘వింటర్ సొనాటా’ వచ్చింది, ఇరవై ఎపిసోడ్లు. మరుసటి ఏడు జపాన్‌లో వేశారు. అక్కడ దాన్ని నెత్తిన పెట్టుకున్నది కాలేజీ పిల్లలు కాదు, నా వయసు ఆడవాళ్ళు. 2004లో ఆ హీరో బే యోంగ్-జున్ జపాన్ వస్తే విమానాశ్రయానికి వేలమంది వెళ్ళారు. మగవాళ్ళు నవ్వారు, పత్రికలు నవ్వాయి. వాళ్ళు మాత్రం విమానాలెక్కి ఆ సీరియల్ తీసిన నామీ దీవికి పోయి, చెట్ల మధ్య నడిచి వచ్చారు. మీ అమ్మ ఈసారి ఏమైనా అంటే ఈ సంగతి చెప్పు.

ఇప్పుడు మీ నాన్న విషయం. ఈ ఉత్తరం దీనికోసమే మొదలుపెట్టాను.

డెబ్బైల చివరి రోజులు. మనూళ్ళో హాలు లేదు. కొత్త సినిమా చూడాలంటే నెల్లూరు రావాలి. మీ నాన్నకు అదో పిచ్చి. చూసొచ్చిన ప్రతి సినిమా గురించీ నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకునేవాడు. హాల్లో ఎవరు ఏడ్చారు, ఏ పాటకు జనం బీడీలకు బయటికి పోయారు, తనకు ఎక్కడ గొంతు పట్టుకుంది, అన్నీ ఉండేవి. నేను దొంగతనంగా చదివేదాన్ని. ఎంత బాగా రాసేవాడో చెప్పలేను.

ఒకసారి యూరియా కోసం మీ తాత నెల్లూరు పంపించాడు. కొట్టు దగ్గర పని సాయంత్రానికి గానీ తెమల్లేదు. చేతిలో చిల్లర మిగిలింది. ట్రంకు రోడ్డులో కొత్త ప్రేమ సినిమా ఆడుతోంది. బస్తాలు బస్టాండు దగ్గర తెలిసిన టీకొట్లో పెట్టి ఫస్ట్ షోకి దూరాడు. విశ్రాంతి దాకా చూశాడు. ఇంకా కూర్చుంటే ఆత్మకూరు ఆఖరి బస్సు పోతుంది. లేచి వచ్చేశాడు.

ఆ సినిమా పేరు చెప్పను, మీ నాన్నకు ఇప్పటికీ మంట. విశ్రాంతికి ముందు హీరోయిన్ కారణం చెప్పకుండా హీరోను కాదని వేరే పెళ్ళికి ఒప్పుకుంటుంది. మీ నాన్నకు రక్తం ఉడికిపోయింది. ఆ రాత్రే కూర్చుని రెండు పేజీలు రాసి, మొదటిసారి ఒక వారపత్రికకు పంపాడు. ఆ అమ్మాయి గుండె రాయి అన్నాడు, డబ్బుకు అమ్ముడుపోయింది అన్నాడు, అలాంటి పాత్రను పుట్టించిన రచయితకు ఆడవాళ్ళంటే కసి అని తేల్చేశాడు. వాళ్ళు అచ్చేశారు, పేరుతో, ఊరుపేరుతో. లైబ్రరీలో ఆ పత్రిక చేతులు మారి మారి నలిగిపోయింది. మీ నాన్న వారం రోజులు నేలమీద నడవలేదు.

తర్వాత అదే పేజీలో ఒంగోలు నుంచి ఒకావిడ ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా రాసింది. “విశ్రాంతి తర్వాత కూడా తమరు హాల్లోనే ఉన్నారా? ఉంటే ఆ అమ్మాయి అలా ఎందుకు చేసిందో ఆమే చెప్పింది కదా” అని. అంతే.

ఇంక ఊరు వదిలిపెడుతుందా? ఎవరి పెళ్ళిలోనైనా మీ నాన్న పంక్తిలోంచి లేస్తే “ఏం అబ్బయ్యా, విశ్రాంతా?” అనేవాళ్ళు. రోడ్డు మీద కనిపిస్తే “బస్సు దొరికిందా?” అనేవాళ్ళు. యూరియా తెమ్మంటే సినిమాకు పోయాడన్న సంగతి మీ తాతకు కూడా దాంతోనే తెలిసింది. ఆ తిట్లు వేరే.

మధ్యలో లేచి రావడం తప్పు అనను నేను. ఆఖరి బస్సు అంటే ఆఖరి బస్సే. సగమే చూశానని రాయలేదు, అదే తప్పు. “విశ్రాంతి దాకా చూశాను, ఈ అమ్మాయి మీద ఒళ్ళు మండుతోంది, బస్సు కోసం లేచి వచ్చాను, దారిలో సంగం ఊరు దాటేదాకా ఎందుకు చేసి ఉంటుందా అనే ఆలోచన” అని రాసి ఉంటే ఆ ఒంగోలు ఆవిడే మెచ్చుకుని జవాబు రాసేది. నోటుబుక్కులో అయితే అలాగే రాసుకునేవాడు. అచ్చులో వస్తుందనేసరికి గొంతు మార్చాడు, జడ్జిగారయిపోయాడు.

దానికంటే పెద్ద తప్పు, ఆ తర్వాత రాయడమే మానేశాడు. నోటుబుక్కులేవి అని అడిగితే పొయ్యిలో వేశానన్నాడు. ఇప్పుడు నువ్వు సినిమా పెడితే “మూడు గంటలు దండగ” అని లేచిపోతాడే, ఆ మాట ఎక్కడిదో తెలిసిందా? వెళ్ళి అడగబోకు. అడిగావంటే చెప్పింది నేనేనని తెలిసిపోతుంది.

అందుకని పదహారు ఎపిసోడ్లలో నాలుగే చూసి ఆపేశావా, నాలుగే చూశానని రాయి. ఎందుకు ఆపేశావో రాయి. అది కూడా చదవడానికి బాగుంటుంది. పదహారూ చూసినట్టు మాత్రం నటించకు. ఎవరైనా తప్పు పట్టుకుంటే, నిజమేనని దిద్దుకుని మర్నాడు ఇంకోటి రాయి. మానేశావంటే మాత్రం నేను బస్సెక్కి బెంగళూరు వస్తాను.

సాగదీశారని, చివర్లో చెడగొట్టారని తిట్టే ముందు కొరియాలో పని ఎలా జరుగుతుందో కాస్త తెలుసుకో. వారానికి రెండు ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంటకు పైన. ప్రసారం ఒకవైపు నడుస్తుండగానే మరోవైపు రాయడం, తీయడం చాలాకాలం అక్కడ మామూలు. సెట్లో నటులు నిలబడి ఉంటే అప్పుడే రాసిన కాగితాలు చేతికొచ్చేవి. మనకూ ఉన్నాడుగా మహానుభావుడు, సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ. రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని ఆయన మీద పరిశ్రమలో మాట. ఇంకోటి, గుండె పగిలిన హీరోయిన్ తిన్నగా వెళ్ళి అదే సాండ్‌విచ్ కొట్లో కూర్చుంటుందేమని నువ్వు ఫోన్లో నవ్వావు. అక్కడి ప్రధాన చానెళ్ళకు కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వేసే అనుమతి 2021 దాకా లేదు. అందుకే ప్రకటనను సీన్లోకే తోసేవాళ్ళు. నవ్వు, కానీ తెలిసి నవ్వు.

ఇక నాకు అన్నిటికంటే భయమైన విషయం. కమియో యోకో అనే జపాన్ ఆవిడ గీసిన బొమ్మల కథ ఒకటి ఉంది. పేదింటి పిల్ల, డబ్బున్న నలుగురు కుర్రాళ్ళ బడి. దాన్ని 2001లో తైవాన్‌లో ‘మీటియర్ గార్డెన్’ అని, 2005లో జపాన్‌లో, 2009లో కొరియాలో ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ అని, 2018లో చైనాలో తీశారు. ఎన్ని దేశాలు తిరిగినా ఆ కుర్రాడు ముందు ఆ పిల్లను ఏడిపిస్తాడు, తర్వాత ప్రేమిస్తాడు. మణికట్టు పట్టుకుని బరబరా లాక్కుపోతాడు. వెనకాల పాట వస్తుంది. మన సినిమాల్లోనూ ఇదే వరస, అక్కడ బస్టాపు ఉంటుంది, అంతే తేడా.

నేను ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, పద్యం చదివితే క్లాసంతా నిశ్శబ్దమయ్యేది. ఒక కుర్రాడు రోజూ సైకిల్ మీద బస్టాండు నుంచి గేటు దాకా పాట పాడుకుంటూ వెంటపడేవాడు. వాడి లెక్కలో వాడు హీరో. ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోలేక భయపడుతూ నడిచేది. సంగతి ఇంట్లో తెలిసింది. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. పిల్లను బడి మాన్పించి ఆ వేసవిలోనే పెళ్ళి చేసేశారు. ఆ పిల్ల ఖాళీ చోటు చూస్తూ నేను ఏ ప్రేమ పద్యం చెప్పగలను?

ఆ సీరియళ్ళు చూడొద్దని అనడం లేదు. ఆ పొగరుబోతు హీరో నాకూ నచ్చాడు, జుట్టు ఎంత విచిత్రంగా ఉన్నా. నచ్చాడని రాయి. చెయ్యి పట్టుకు లాగిన చోట ఆ పిల్ల ముఖం ఎలా ఉందో అది కూడా రాయి. రెండూ ఒక పేజీలో పట్టవని ఎవరన్నారు? ఇవి చదివేవాళ్ళలో పదో తరగతి పిల్లలుంటారు.

మీ అమ్మ మాట ఒక్కటి వింటాను: ఫొటో వద్దు. పేరు పెట్టుకో, అది నీది. ఆఫీసు ఎక్కడ, హాస్టల్ ఎక్కడ, ఏ హాల్లో ఏ ఆటకు వెళ్తున్నావు అన్నవి రాయకు. చెత్త వాగుడు వాగేవాళ్ళకు జవాబివ్వకు. ఒంగోలు ఆవిడలా మర్యాదగా తప్పు చెప్పేవాళ్ళకు తప్పకుండా ఇవ్వు. ఆ రెండు రకాలనూ కలిపేసి అందరిమీదా అలగబోకు, మీ నాన్న పోలిక నీకు ముక్కు మీదే ఉంది.

మొదటిది రాయగానే నాకు పంపు. ఒత్తులు, దీర్ఘాలు ఎర్ర సిరాతో దిద్ది పంపిస్తాను, అలవాటు పోలేదు. నీకేమనిపించిందన్న దాని జోలికి రాను. రేపు మీ చిన్నాన్న బెంగళూరు వస్తున్నాడు, అతని చేత మలై కాజాలు పంపుతున్నాను. ఆఫీసులో పంచేయకుండా నువ్వూ తిను.

‘రిప్లై 1988’ ఇంకా సగంలోనే ఉన్నాను. ఆ పిల్ల చివరికి ఎవర్ని చేసుకుంటుందో ఫోన్లో నోరు జారావంటే కాజాలు వెనక్కి పంపాలి.

ఇట్లు,
మీ అత్త