గాలిలో గంట, గడప నుంచి గడపకు ఐదు గంటలు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఈ మధ్యే నాకు విశాఖపట్నం బదిలీ అయింది. నా భార్య ఇక్కడే ఉపాధ్యాయురాలు, బాబుకు మూడేళ్లు. నెలకు 1,10,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి అప్పు ఇంకా 22 లక్షలుంది, వడ్డీ 8.5 శాతం. ప్రతి శుక్రవారం విమానంలో వచ్చి ఆదివారం తిరిగి వెళ్లాలని ఉంది. టాక్సీలతో కలిపి రానూపోనూ 9,000 అవుతుంది, రైల్లో అయితే 3,000. గంట ప్రయాణమే కదా, సమయం విలువ చూస్తే విమానమే లాభం కాదా?

జవాబు: బాబు నిద్రపోకముందే ఇల్లు చేరాలన్న మీ ఆరాటానికి నేను ధర కట్టలేను. కానీ ఆ 'గంట' దగ్గరే మీ లెక్క తప్పింది.

విశాఖ విమానాశ్రయం నుంచి గన్నవరానికి గాలిలో సుమారు 290 కిలోమీటర్లు. విమానానికి గంట చాలు, నిజమే. అయితే మీరు చేరాల్సింది బ్రాడీపేట. ఆఫీసు నుంచి విమానాశ్రయానికి అరగంట, అక్కడ గంటంబావు ముందే ఉండాలి, దిగాక సామాను తీసుకుని బయటపడటానికి ఇరవై నిమిషాలు. ఆపైన గన్నవరం నుంచి గుంటూరుకు యాభై కిలోమీటర్లకు పైనే, అదీ శుక్రవారం సాయంత్రం బెజవాడ రద్దీని దాటుకుని. దానికే గంటన్నర పోతుంది. అన్నీ కలిపితే నాలుగున్నర గంటలు దాటాయి. ఏ కాస్త ఆలస్యమైనా ఐదు.

విశాఖ నుంచి విజయవాడకు రైలు దారి 350 కిలోమీటర్లు. వందే భారత్‌లో సుమారు నాలుగు గంటలు. స్టేషను చేరి రైలు ఎక్కడానికి ముప్పావు గంట, విజయవాడ నుంచి గుంటూరుకు మరో గంట వేసుకున్నా ఆరు లోపే. అంటే విమానం మిగిల్చేది ఒక వైపుకు గంట, రానూపోనూ రెండు గంటలు. వాటికి మీరు అదనంగా ఇస్తున్నది 6,000. గంటకు 3,000 అన్నమాట! నెలకు 200 గంటల పని అనుకుంటే మీ జీతం గంటకు 550.

తిరుగు ప్రయాణంలో ఆ రెండోగంట కూడా మిగలదు. ఆదివారం రాత్రి విజయవాడ మీదుగా విశాఖ వైపు వెళ్లే రైళ్లు చాలా ఉన్నాయి. బెర్తు మీద నిద్రపోయిన సమయాన్ని పోయిన సమయంగా నేను లెక్కించను. పైగా ఆదివారం సాయంత్రమంతా బాబుతోనే గడుస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, వచ్చే ఎనిమిది ఆదివారాలకూ ఇప్పుడే చేయించండి. వందే భారత్ వేళ ఆఫీసుకు కుదరని శుక్రవారం కూడా రాత్రి రైలే ఎక్కి తెల్లవారేసరికి దిగండి.

ఈ టికెట్లతో పన్ను తగ్గుతుందన్న ఆశ వద్దు. ఎల్‌టీఏకు, అంటే యజమాని ఇచ్చే ప్రయాణ భత్యానికి, పన్ను మినహాయింపు సెలవు ప్రయాణాలకే, నాలుగేళ్లలో రెండుసార్లే. కొత్త పన్ను విధానంలో అదీ లేదు.

నా సలహా: నెలకు ఒక్కసారి విమానం, మూడుసార్లు రైలు. నెలకు 18,000, ఏడాదికి 2,16,000 మిగులుతుంది. దాన్ని ఇంటి అప్పు అసలుకు కట్టేయండి. ఏటా 18,000 రూపాయలకు పైగా వడ్డీ తగ్గుతుంది. మీది మారే వడ్డీ రుణమైతే ముందుగా కట్టినందుకు రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

ఒక 20,000 మాత్రం పొదుపు ఖాతాలో విడిగా ఉంచండి. బాబుకు జ్వరమని అర్ధరాత్రి ఫోను వస్తే, ఆ ఉదయం దొరికిన విమానం ఎక్కేయండి. ఆ రోజు ఈ లెక్కలేవీ వేయవద్దు.