వరుసగా ఐదు రాత్రులు ఉన్నా హోటల్ ఖాతాలో మూడే ఎందుకు జమ అయ్యాయి?

మీరు రాసినదాని ప్రకారం, ఒకే హోటల్‌లో వరుసగా ఐదు రాత్రులు ఉన్నారు. మీకొక గది, మీ తల్లిదండ్రులకొక గది, రెండూ మీ పేరు మీదే తీసుకున్నారు. మొదటి మూడు రాత్రులకు హోటల్ సొంత వెబ్‌సైట్‌లో బుక్ చేసుకున్నారు. చివరి రెండు రాత్రులకు ఒక ట్రావెల్ సైట్‌లో ధర తక్కువగా కనిపించడంతో అక్కడ బుక్ చేసి, నాలుగో రోజు చెక్-అవుట్ చేసి, వెంటనే మళ్లీ చెక్-ఇన్ అయ్యారు. పది రాత్రులు, రెండు బసలు జమ అవుతాయని ఎదురుచూస్తే ఖాతాలో మూడు రాత్రులు, ఒక బస మాత్రమే కనిపిస్తున్నాయి. పాయింట్లు మాత్రం మొదటి మూడు రాత్రులకు రెండు గదులకూ వచ్చాయి. మీరు ప్రోగ్రామ్ పేరు, అంటే ఏ హోటల్ సంస్థ వారి సభ్యత్వ పథకమో, చెప్పకపోయినా, ఈ లెక్క చూస్తే పొరపాటేమీ జరిగినట్టు లేదు. ఆడిట్ ఉద్యోగంలో పదకొండేళ్ల పాటు నెలకు పది, పన్నెండు రాత్రులు హోటళ్లలోనే గడిపినవాణ్ణి కనుక, ఈ లెక్క ఎలా నడుస్తుందో నేను ఒక్కొక్క తప్పూ చేసి నేర్చుకున్నాను.

ముందుగా బస సంగతి. మనం రిసెప్షన్‌లో తాళం తీసుకున్న ప్రతిసారీ ఒక బస మొదలవుతుందనుకుంటాం. ప్రోగ్రామ్‌ల నిబంధనల్లో బస అంటే అది కాదు. ఒకే హోటల్‌లో మధ్యలో ఒక్క రాత్రి కూడా ఖాళీ లేకుండా గడిపిన రాత్రులన్నీ కలిపి ఒకే బస. ఆ మధ్యలో మీరు ఎన్నిసార్లు చెక్-అవుట్ చేసి మళ్లీ చెక్-ఇన్ అయినా, ఎన్ని బిల్లులు తీసుకున్నా, గది మారినా లెక్క మారదు. హిల్టన్ ఆనర్స్ నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంటుంది. స్టార్‌వుడ్ వారి పాత ప్రోగ్రామ్‌లోనూ ఇదే పద్ధతి ఉండేది. కాబట్టి ఆ రెండో బుకింగ్‌ను మీరు హోటల్ సైట్‌లోనే చేసి ఉన్నా మీకు ఐదు రాత్రులతో ఒకే బస వచ్చేది తప్ప రెండు బసలు వచ్చేవి కావు.

ఈ నిర్వచనం అంత కచ్చితంగా ఎందుకు పెట్టారో అర్థం కావాలంటే, ఒకప్పుడు బసలకు ఉన్న విలువ తెలియాలి. తరచూ వచ్చే సభ్యులకు ప్రోగ్రామ్‌లు స్థాయిలు ఇస్తాయి. స్టార్‌వుడ్ ప్రోగ్రామ్‌లో ప్లాటినం స్థాయికి ఏడాదిలో 25 బసలు గానీ 50 రాత్రులు గానీ ఉంటే సరిపోయేది. హయత్ వారి గోల్డ్ పాస్‌పోర్ట్‌లో డైమండ్ స్థాయికి కూడా సరిగ్గా ఇవే అంకెలు. అంటే ఒక్కో రాత్రి చొప్పున 25 సార్లు ఉన్నవాడికి, రెండేసి రాత్రుల చొప్పున 25 సార్లు ఉన్నవాడికి ఒకే గౌరవం దక్కేది. ఆ రోజుల్లో నేనూ ఒక పని చేశాను, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. ఒక ఊళ్లో నాలుగు రాత్రుల పని పడితే, ఒకే సంస్థకు చెందిన రెండు హోటళ్లు రోడ్డుకు ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి ఉన్నాయి కదా అని, మొదటి రాత్రి దీంట్లో, రెండో రాత్రి దాంట్లో, మూడో రాత్రి మళ్లీ దీంట్లో, నాలుగో రాత్రి మళ్లీ దాంట్లో ఉన్నాను. వరుస తెగింది కనుక నాలుగు రాత్రులకు నాలుగు బసలు వచ్చాయి. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలు చేతికి వేలాడేసుకుని, పెట్టె ఈడ్చుకుంటూ రోడ్డు దాటుతుంటే, మూడో రోజున రిసెప్షన్‌లోని అమ్మాయి ‘గదిలో ఏమైనా ఇబ్బంది కలిగిందా సార్?’ అని నిజంగానే బాధపడుతూ అడిగింది. ఏమని చెప్పను?

ఆ వెసులుబాటు ఇప్పుడు చాలావరకు పోయింది. 2017 మార్చి 1న గోల్డ్ పాస్‌పోర్ట్ స్థానంలో వరల్డ్ ఆఫ్ హయత్ వచ్చినప్పుడు బసల లెక్క తీసేసి రాత్రులను చూడడం మొదలుపెట్టారు: డిస్కవరిస్ట్ స్థాయికి 10, ఎక్స్‌ప్లోరిస్ట్‌కు 30, గ్లోబలిస్ట్‌కు 60. 2018 ఆగస్టులో స్టార్‌వుడ్ ప్రోగ్రామ్ మారియట్‌లో కలిసిపోయినప్పుడు అక్కడా అదే జరిగింది. తరువాతి ఏడాది మారియట్ బాన్‌వాయ్ అని పేరు పెట్టుకున్న ఆ ప్రోగ్రామ్‌లో సిల్వర్‌కు 10, గోల్డ్‌కు 25, ప్లాటినంకు 50, టైటేనియంకు 75 రాత్రులు కావాలి. ఆపైన ఉన్న అంబాసిడర్‌కు 100 రాత్రులతో పాటు 23,000 డాలర్ల ఖర్చు కూడా చూపించాలి. పెద్ద సంస్థల్లో బసను ఇంకా లెక్కపెడుతున్నది ముఖ్యంగా హిల్టన్. అక్కడ 2025 వరకు గోల్డ్‌కు 20 బసలు లేదా 40 రాత్రులు, డైమండ్‌కు 30 బసలు లేదా 60 రాత్రులు అడిగేవారు. 2026 నుంచి గోల్డ్‌కు 15 బసలు లేదా 25 రాత్రులు, డైమండ్‌కు 25 బసలు లేదా 50 రాత్రులు అడుగుతున్నారు.

రెండు దారులూ ఉన్న చోట మీకు ఏది దగ్గరో తేల్చుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఏడాదిలో మీరు గడిపిన రాత్రులను మీ బసల సంఖ్యతో భాగించండి. డైమండ్ విషయంలో ఒక బస రెండు రాత్రులకు సమానం కనుక, ఆ సగటు రెండు కన్నా తక్కువైతే బసల దారి, ఎక్కువైతే రాత్రుల దారి మీకు ముందు అందుతుంది. గోల్డ్ విషయంలో ఇప్పుడు ఆ హద్దు 25ను 15తో భాగిస్తే వచ్చేదానికి, అంటే దాదాపు 1.67కు తగ్గింది, ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోయేవారికి తప్ప బసల దారి వల్ల మునుపటంత లాభం లేదు. మీలా ఒక చోటే ఐదేసి రోజులు ఉండేవారు బసల గురించి అసలు ఆలోచించనక్కర్లేదు.

ఇక రెండో గది సంగతి. పాయింట్లూ, స్థాయికి లెక్కపెట్టే రాత్రులూ ఒకే నియమం మీద నడుస్తాయని అనుకోవడం వల్లే ఈ గందరగోళమంతా. పాయింట్లు ఖర్చును బట్టి వస్తాయి. మారియట్‌లోనూ హయత్‌లోనూ మీరు కూడా అక్కడే ఉండి డబ్బు కట్టినప్పుడు గరిష్ఠంగా మూడు గదుల వరకు పాయింట్లు ఇస్తారు. ఆ రెండింటిలోనూ రాత్రి మాత్రం మనిషిని బట్టి వస్తుంది. ఒక మనిషి ఒక రాత్రి ఒక మంచం మీదే పడుకుంటాడు కనుక ఎన్ని గదులకు డబ్బు కట్టినా ఒక్క రాత్రే జమ చేస్తారు. పాత స్టార్‌వుడ్ ప్రోగ్రామ్‌లో మూడు గదులకూ రాత్రులు ఇచ్చేవారు. కుటుంబంతో తిరిగేవారు ఆ సౌకర్యాన్ని తలుచుకుని ఇప్పటికీ నిట్టూరుస్తుంటారు. అయితే మనిషి నిద్రపోయిన రాత్రులను లెక్కపెట్టడమే న్యాయమని నా అభిప్రాయం. డబ్బుకు ఎలాగూ పాయింట్లు వస్తున్నాయి.

మూడోది ట్రావెల్ సైట్ సంగతి, మీకు నష్టం జరిగింది ఇక్కడే. అర్హత ఉన్న ధర అని ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఒక మాట ఉంటుంది. హోటల్ సంస్థ సొంత వెబ్‌సైట్, యాప్, ఫోన్, రిసెప్షన్ ద్వారా తీసుకున్న సాధారణ ధరలు దాని కిందకు వస్తాయి. బయటి ట్రావెల్ సైట్లు, టూర్ నిర్వాహకులు టోకున తీసుకుని అమ్మే గదులు దాని కిందకు రావు. మీరు మెంబర్‌షిప్ నంబర్ ఇచ్చారు, రిసెప్షన్‌లో దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించారు, బిల్లు మీద కూడా అచ్చయింది. అయినా ధర కోడ్, అంటే ఏ రకం ధరకు బుక్ చేశారో చెప్పే గుర్తు, అర్హత లేనిది కనుక జమ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు రాత్రులూ జారిపోయాయి. విచిత్రమేమిటంటే, డబ్బు అసలు కట్టకుండా పాయింట్లతో తీసుకున్న ఉచిత రాత్రులను మారియట్, హిల్టన్, హయత్ మూడూ స్థాయికి లెక్కపెడతాయి. పాయింట్లు చేతిలో ఉండి స్థాయికి ఒకటి రెండు రాత్రులు తక్కువైనప్పుడు ఇది గుర్తుంచుకోదగిన విషయం.

మీ ప్రశ్నలో లేకపోయినా, నాకు ఒక రాత్రి ఎలా పోయిందో చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరికైనా జరగవచ్చు. ఒకసారి నేను తెల్లవారుజామున అయిదింటికి దిగవలసి ఉంది. చేరగానే గది కావాలి కనుక ముందు రోజు రాత్రి నుంచే రెండు రాత్రులకు డబ్బు కట్టి బుక్ చేశాను. నేను ఆలస్యంగా వస్తానని హోటల్‌కు చెప్పాలని మాత్రం తోచలేదు. ప్రతి హోటల్‌లోనూ అర్ధరాత్రి దాటాక నైట్ ఆడిట్ అని ఒకటి జరుగుతుంది. ఆ రోజు లెక్కలు ముగించి, కంప్యూటర్‌లో తేదీని మరుసటి రోజుకు మారుస్తారు. అప్పటికి రాని అతిథులను రానివారిగా గుర్తిస్తారు. నన్నూ అలాగే గుర్తించి, బుకింగ్ మూసేసి, మొదటి రాత్రి ధర వసూలు చేసుకున్నారు. నేను వెళ్లేసరికి రిసెప్షన్‌లోని కుర్రవాడు పాపం మర్యాదగానే కొత్త బుకింగ్ తెరిచి గది ఇచ్చాడు. నేను కట్టింది రెండు రాత్రులకు, ఖాతాలో పడింది ఒక్కటే. ఏళ్ల తరబడి లెక్కలు చూసిన ఆడిటర్‌ని, నైట్ ఆడిట్ చేతిలో దెబ్బతిన్నాను. అప్పటి నుంచి ఆలస్యమైతే సాయంత్రమే ఫోన్ చేసి, బుకింగ్‌ను తెరిచే ఉంచమని చెప్పి, మాట్లాడినవారి పేరు రాసుకుంటాను. యాప్‌లో ముందుగా చెక్-ఇన్ చేసే వీలుంటే అదీ చేస్తాను.

దీనికి వ్యతిరేకంగా, ముందే వెళ్లిపోయినా ఇలాంటిదే జరుగుతుంది. మూడు రాత్రులకు బుక్ చేసి మూడో రోజే చెక్-అవుట్ చేస్తే, మూడో రాత్రికి డబ్బు పట్టుకున్నా జమ అయ్యేవి రెండే. పగటిపూట కొన్ని గంటలకు తీసుకునే గదికి రాత్రి అనేదే ఉండదు. డిసెంబరు చివరి వారంలో మొదలై జనవరిలో ముగిసే బసల విషయంలోనూ జాగ్రత్త అవసరం: బిల్లు చెక్-అవుట్ రోజున తయారవుతుంది, నేను వాడిన ప్రోగ్రామ్‌లో జమ కూడా ఆ తేదీ మీదే పడింది. ఏడాది ముగిసేలోగా రెండు రాత్రులు తప్పనిసరిగా కావలసినప్పుడు నేను డిసెంబరు 31 ఉదయానికే చెక్-అవుట్ అయ్యేలా చూసుకునేవాణ్ణి.

ఇప్పుడు మీరేం చేయవచ్చు? ఆ రెండు రాత్రుల కోసం కస్టమర్ కేర్‌తో వాదించడం వల్ల ఫలితం ఉండదు. వారు ధర కోడ్ చూసి మర్యాదగా కాదంటారు. ఇకపై మాత్రం చెక్-అవుట్ సమయంలో వివరమైన బిల్లు అడిగి తీసుకోండి. అందులో పేరు, మెంబర్‌షిప్ నంబర్, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, రోజువారీ ధర విడివిడిగా ఉంటాయి. జమ కావలసిన బస కాకపోతే ఆ కాగితమే సాక్ష్యం. నేను కనీసం రెండు వారాలు ఆగి, అప్పటికీ రాకపోతే ఆ బిల్లు జతచేసి ఖాతా నుంచే అభ్యర్థన పంపేవాణ్ణి, దాదాపు ప్రతిసారీ జమ అయ్యేది. కంపెనీ ట్రావెల్ డెస్క్ బుక్ చేస్తే మొదట చూడవలసింది పేరు. ఒకసారి మా ఆఫీసువారు ఇద్దరి గదులూ నా సహోద్యోగి పేరు మీద తీసుకోవడంతో, నా గదిలో నేను పడుకున్న నాలుగు రాత్రులు నా ఖాతాలోకి రాలేదు, రెండో గది కనుక అతని ఖాతాలోకీ వెళ్లలేదు.

మీ తల్లిదండ్రుల గది విషయంలోనూ అదే జరిగింది. తరువాతి ప్రయాణానికి మీ నాన్నగారి పేరు మీద ఒక ఖాతా తెరవండి, దానికి రుసుమేమీ ఉండదు. వారి గదిని వారి పేరుతో, వారి నంబర్‌తో, హోటల్ సైట్‌లోనే విడిగా బుక్ చేసి, చెక్-అవుట్ రోజున ఆ బిల్లును వారి పేరు మీదే తీయించండి. అప్పుడు ఐదు రాత్రులు మీ ఖాతాలో, ఐదు రాత్రులు వారి ఖాతాలో పడతాయి.