చిన్న పార్టీ చరిత్ర రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి చదివాను. తిరుపతిలో పుట్టి, తిరుపతి పొలిమేర దాటకుండానే కనుమరుగైన ఒక పార్టీ గురించి పుస్తకం రాయాలనుకోవడమే నాకు నచ్చింది. గెలిచినవాళ్లు తమ చరిత్ర రాయడానికి జీతమిచ్చి మరీ మనుషుల్ని పెట్టుకుంటారు. ఓడినవాళ్లకు నీలాంటివాళ్లే దిక్కు.

అయితే మొదటి అధ్యాయం తీసెయ్. వ్యవస్థాపకుడు పుట్టిన ఊరు, చదివిన బడి, చిన్ననాటి దానగుణం ఆయన కుటుంబం వేయించుకునే సంస్మరణ సంచికకు సరిపోతాయి. రెండో అధ్యాయం చివర ‘ఆశయాలు గొప్పవే, ప్రజలే అర్థం చేసుకోలేకపోయారు’ అని రాశావు. ఆ వాక్యం చదివి నాకు కోపం వచ్చింది. జనానికి అర్థం కాలేదని నీకెవరు చెప్పారు? బాగా అర్థమయ్యే వేయలేదేమో!

అది తేల్చుకోవాలంటే ఫారం-20, అంటే తుది ఫలితాల పట్టిక, తెప్పించుకో. ఈవీఎంలు వచ్చాక ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ధరావతు పోతుంది కాబట్టి పత్రికలు ‘డిపాజిట్ గల్లంతు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నువ్వు తేల్చకు. కొర్లగుంటలో ఎన్ని, బైరాగిపట్టెడలో ఎన్ని, జీవకోనలో ఎన్ని అని విడదీసి చూడు. వచ్చిన కాసిని ఓట్లూ ఒకే కేంద్రంలో పోగుపడి ఉంటే ఆ వీధికి వెళ్లి అడుగు. కుళాయి గొడవా, కులమా, లేక కార్యదర్శిగారి అత్తవారిల్లు అక్కడుందా?

నువ్వు జత చేసిన రెండు కరపత్రాల నకళ్లు నాకు రాతప్రతికన్నా ఎక్కువ చెప్పాయి. నువ్వు నినాదాలు చదివి వదిలేశావు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న వరస చూడు. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెబుతుంది. మొదటిది గాంధీ రోడ్డులో అచ్చయింది, రెండోది చిత్తూరులో. ఊరి పార్టీ తన కాగితాన్ని పొరుగూళ్లో ఎందుకు వేయించుకుంది? పాత బాకీ తీరలేదా, ప్రెస్సు యజమాని అవతలి పక్షంలో చేరాడా? ఇక పేర్ల వరస. మొదటిదాంట్లో మూడో పేరు కోశాధికారిది. రెండోదాంట్లో ఆ పేరే లేదు. చిన్న పార్టీలో కోశాధికారి వెళ్లిపోవడంకన్నా పెద్ద సంఘటన ఏముంటుంది? నీ రాతప్రతిలో దాని ఊసే లేదు.

పార్టీ ఎందుకు నిలవలేదన్నదానికి నువ్వు నాయకుడి పట్టుదల తగ్గిందని రాశావు. కొంత నిజం కావచ్చు. కానీ తేదీలు చూడు. తిరుపతి పురపాలక సంఘం 2007లో నగరపాలక సంస్థ అయింది. ఆ సంస్థకు తొలి ఎన్నికలు జరిగింది 2021లో. నగర పార్టీకి బతుకుతెరువు వార్డు ఎన్నికే. శాసనసభకు ప్రతిసారీ నిలబడే స్తోమత దానికి ఉండదు. అన్నేళ్లు ఆ ఎన్నికే లేకపోతే కార్యకర్తను ఏ ఆశతో కూర్చోబెడతారు? నీ పుస్తకానికి ఇది వెన్నెముక కావాలి. ప్రస్తుతం ఒక్క పాదసూచికలో పడి ఉంది.

పార్టీ నమోదయిందో లేదో కూడా నువ్వు చెప్పలేదు. అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద నమోదుకు పార్టీ పెట్టిన ముప్ఫై రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, కనీసం వందమంది ఓటర్లు సభ్యులుగా ఉండాలి. ఆ వందమంది ఎవరో దొరికితే నీ పంట పండినట్టే. ఊళ్లో ఎప్పుడో పోయిన పార్టీ ఢిల్లీ జాబితాలో బతికే ఉండవచ్చు. ఆరేళ్లుగా ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను తొలగించింది. అందులో ఉందేమో వెతుకు.

2008 ఆగస్టు 26న అవిలాల మైదానంలో ప్రజారాజ్యం ప్రకటన జరిగింది. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచారు, 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది, 2012 ఉప ఎన్నికలో ఆ సీటు వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయింది. ఇదంతా ఊరంతా ఎరిగిన కథ. దానికి పది పేజీలివ్వకు. నీ చిన్న పార్టీవాళ్లలో ఎవరెవరు ఆనాడు అవిలాల వెళ్లారు, 2011 తర్వాత ఏ గూటికి చేరారు అన్నంతవరకే రాయి. జిల్లాకు ఇది కొత్త కాదు. చిత్తూరు ఎంపీ అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లాక 1962లో చిత్తూరు లోక్‌సభకు ఉప ఎన్నిక వస్తే, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఎన్.జి.రంగా స్వతంత్ర పార్టీ తరఫున గెలిచారు. 1967లో సీటు మళ్లీ కాంగ్రెస్‌దే. జెండా మారుతుంది, మోసే భుజాలు చాలావరకు అవే.

మరొకటి. దేవస్థానం ఆదాయంలో ఊరికి వాటా అడగడం నీ పార్టీ డిమాండ్లలో ఉందా? 2023లో పాలకమండలి తన బడ్జెట్లో ఒక్క శాతం తిరుపతికి ఇవ్వాలని తీర్మానించింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. పాత కరపత్రాల్లో ఆ మాట కనిపిస్తే, అప్పట్లో దానికి ఎవరు నవ్వారో, ఎవరు భయపడ్డారో కనుక్కో. నాయకుణ్ణి అడగకు, ఆయన తాను ముందే చెప్పానంటాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర తోపుడుబండ్ల వాళ్లను, పదవీ విరమణ చేసిన మునిసిపల్ గుమాస్తాలను అడుగు. వాళ్లకు తారీఖులు గుర్తుండవు, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో మాత్రం గుర్తుంటుంది.

కోశాధికారి బతికే ఉంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లు. కరపత్రాల అసలు ప్రతులను లామినేషన్ చేయించకు, ఫోటోలు తీసి నాకు పంపు. రెండోదాని వెనకవైపు పెన్సిల్ రాత ఏదో ఉన్నట్టుంది, నకలులో కనబడటం లేదు.