పక్షికి ఉన్నది ముక్కా, చంచువా?

సందేహం: మా అమ్మాయి ఏడో తరగతి. మ్యూజియంలో చూసిన పక్షి పుర్రెల బొమ్మలు గీసి పక్కన 'ముక్కు' అని రాసింది. టీచర్ కొట్టేసి 'చంచువు' అని దిద్దారు. వాసన చూసేది ముక్కు, పక్షికి ఉన్నది నోరు అన్నారట. ఏది సరైనది?

సమాధానం: మీ అమ్మాయి రాసింది చక్కని తెలుగు. కొట్టేయాల్సిన తప్పు అందులో ఏమీ లేదు.

చంచువు సంస్కృతం మాట. అమరకోశం 'చంచు', 'త్రోటి' రెండింటినీ పక్షి ముక్కుకు పేర్లుగా చెప్పింది. రాస్తే తప్పు లేదు. కానీ 'కోడి చంచువుతో పొడిచింది' అని ఎవరం అనం. మన నోట ఆ మాట ఇంకా ఆడుతున్నది 'చంచుప్రవేశం'లో. ఫలానా ఆయనకు జ్యోతిషంలో చంచుప్రవేశం ఉందంటే, పిట్ట ముక్కు కొన ముంచినంత పరిచయం ఉందని.

ఇక వాసన సంగతి. పెరట్లో కోడిని పట్టుకుని దగ్గరగా చూడండి. పై ముక్కు మొదట్లో అటొకటి ఇటొకటి సన్నని చీలికలుంటాయి. అవి ముక్కుపుటాలే. పుర్రె మీద కూడా అక్కడ ఖాళీలు కనిపిస్తాయి. అసలు తెలుగులో ముక్కు అంటే వాసన చూసేది మాత్రమే కాదు, ముందుకు పొడుచుకొచ్చిన కొన కూడా. నానబెట్టిన వడ్లు మొలక చూపితే రైతు 'గింజ ముక్కు పగిలింది' అంటాడు. అక్కడ వాసన ఎక్కడుంది?

టీచర్ గారి మాటను పూర్తిగా తీసేయలేం. పక్షి తినేదీ దానితోనే కాబట్టి మనవాళ్లు 'మూతి' అని కూడా అన్నారు. నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే తెడ్డుమూతి కొంగ పేరు అలా పుట్టిందే. దాని ముక్కు చివర తెడ్డులా వెడల్పుగా, పలచగా ఉంటుంది. నీళ్లలో దాన్ని అటూ ఇటూ ఆడిస్తూ మేత వెతుక్కుంటుంది. ఎముక కూడా అదే ఆకారం కాబట్టి, పుర్రె ఒక్కటే చూసినా ఆ పేరెందుకొచ్చిందో తెలిసిపోతుంది.

గూడబాతు (పెలికాన్) విషయంలో అలా కాదు. గూడ అంటే పొలానికి నీళ్లు తోడే బుట్ట. ఆ పేరుకు తగ్గ సంచి దాని కింది ముక్కుకు వేలాడుతుంది. అదంతా చర్మం. పుర్రెలో మిగిలేవి సన్నగా వంగిన రెండు ఎముక బద్దలే. మీ అమ్మాయి గూడబాతు పుర్రె కూడా గీసి ఉంటే, ఆ బద్దల మధ్య సంచిని చుక్కల గీతతో వేసి, పక్కన 'గూడ' అని రాయమనండి.