పోలిక ఎంతవరకు? దేవుడి గురించి రాసే నీకు

చిరంజీవికి,

దేవుడి దయ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, తేడా వచ్చింది పోలికల దగ్గరే. "దేవుడు కరెంటు లాంటివాడు, కనపడడు కానీ పనిచేస్తాడు" అని మొదలుపెట్టి, రెండు పేరాలు తిరక్కుండానే ఆయన కరుణలోకి వెళ్లావు. కరెంటుకు కరుణేమిటి? తీగ ముట్టుకుంటే పసిపిల్లల్నీ వదలదు. చదివేవాళ్లకు ఆ ఆలోచన తట్టిందా, నీ తర్వాతి పేజీ అంతా వృథా.

ఉపమకు నాలుగు అంగాలని చదువుకునే ఉంటావు: ఉపమేయం (దేన్ని పోలుస్తామో అది), ఉపమానం (దేనితో పోలుస్తామో అది), సాధారణ ధర్మం (రెండింటికీ ఉన్న గుణం), ఉపమావాచకం ("లా", "వంటి" లాంటి మాట). "ముఖం చంద్రుడిలా ఉంది" అని సాధారణ ధర్మం చెప్పకుండా వదిలేసినా నష్టం లేదు. ముఖాలు అందరూ చూసినవే కాబట్టి చంద్రుడిలో మచ్చను ఎవరూ ముఖానికి అంటగట్టరు. దేవుణ్ణి అలా సరిచూసుకునే వీల్లేదు. ఉపమానంలో ఉన్నదంతా ఆయనకు అంటుకుపోతుంది. అందుకే ఈ రకం రచనలో లుప్తోపమ జోలికి, అంటే ఇలా ఒక అంగాన్ని వదిలేసిన ఉపమ జోలికి పోవద్దు. ఏ గుణం కోసం పోల్చావో అక్కడికక్కడే చెప్పెయ్యి. బైబిల్లో 23వ కీర్తన చూడు. "యెహోవా నా కాపరి" అన్న వెంటనే "నాకు లేమి కలుగదు" అని ఉంటుంది. కాపరి ఉన్ని కత్తిరిస్తాడు, గొర్రెను సంతకూ తోలతాడు. ఆ రెండో ముక్కతో అటువైపు దారులన్నీ మూసుకుపోయాయి.

ఒక్క పోలిక చాలనప్పుడు ఏం చేయాలో ముండకోపనిషత్తు (1.1.7) చూపిస్తుంది. సృష్టి ఎలా జరిగిందో చెప్పాలంటే కుమ్మరి, కుండ అనడం తేలిక. కానీ కుమ్మరికి మట్టి బయటినుంచి రావాలి. ఆ మంత్రం సాలెపురుగును తెచ్చుకుంది. దారం దానిలోంచే వస్తుంది, దానిలోకే పోతుంది. అయితే సాలెపురుగు పూనుకుని అల్లుతుంది కదా! అక్కడితో ఆగకుండా భూమిలోంచి మొలిచే మొక్కల్ని, ఆపైన బతికున్న మనిషి ఒంటిమీద వెంట్రుకల్ని చెప్పింది. అవి ప్రయత్నం లేకుండా వస్తాయి, పైగా చైతన్యం ఉన్నవాడినుంచి చైతన్యం లేనివి వస్తాయి. ఒకదాని లోటును ఇంకొకటి పూడ్చింది. నువ్వూ రెండో పోలిక తెస్తే అది మొదటిదాని లోటు తీర్చాలి. అదే మాట మళ్లీ చెప్పేదైతే కొట్టెయ్యి.

పోలిక అన్నిటా కుదరలేదని ఎవరైనా అంటే బెదరకు. ఆత్మను నీళ్లలో కనిపించే సూర్యుడితో పోల్చే వేదాంతుల దృష్టాంతానికి ఇదే ఆక్షేపణ వచ్చింది: సూర్యుడికి రూపముంది, నీళ్లు ఆయనకు దూరంగా ఉన్నాయి, ఆత్మకు అవేవీ లేవు కదా అని. బ్రహ్మసూత్ర భాష్యంలో (3.2.20) శంకరుల జవాబు, చెప్పదలచిన అంశం దాటి అన్నిటా పోలిక ఎవరూ చూపలేరని, అన్నిటా పోలితే ఇక అది దృష్టాంతమే కాదని. అక్కడ చెప్పదలచిన అంశం ఒక్కటే. నీళ్లు కదిలితే బింబం కదులుతుంది, సూర్యుడికేమీ కాదు.

కాబట్టి పోలిక రాసేముందు కాగితం మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు దేవుడికి వర్తించాల్సిన గుణం, కుడివైపు వర్తించకూడనివి. ఎడమవైపు రెండు గుణాలు చేరితే నీకు రెండు పోలికలు కావాలి. కుడివైపు ఉన్నవాటిలో ఏదైనా నీ వ్యాసం అసలు విషయానికే ఎదురు తిరిగితే, ఎంత ముచ్చటైన పోలికైనా వదులుకో. కరెంటు అక్కడే ఓడిపోయింది.

ఇంకో దారీ ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అన్నమయ్య "ఎంత మాత్రమున ఎవ్వరు దలచిన అంత మాత్రమే నీవు" అంటూ "పిండంతే నిప్పటి" అన్నాడు. నిప్పటి అంటే పిండితో చేసే రొట్టె లాంటి వంటకం. ఎంత పిండి తీసుకుంటే అంత నిప్పటి. కొలత పడింది తలచేవాడి మీద. వైష్ణవులు, వేదాంతులు, శైవులు, కాపాలికులు, ఎవరి ముద్ద వాళ్లదే. దేవుడి రూపం మాటలకు లొంగనప్పుడు పోలికను ఇలా చూసేవాడి వైపు తిప్పు.

నీ విషయం దయ కాబట్టి మార్జాల కిశోర న్యాయం చక్కగా సరిపోతుంది. పిల్లి తన కూనను నోట కరుచుకుని మోస్తుంది, కూన పట్టుకోనక్కర్లేదు. కోతిపిల్లయితే తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. శ్రీవైష్ణవంలోని రెండు శాఖల్లో తెంకలైవారు మొదటిదాన్ని, వడకలైవారు రెండోదాన్ని చెబుతారు. రెండింటినీ ఒకే పేరాలో కలిపెయ్యకు, శరణాగతి మీద అవి వేర్వేరు పక్షాలు. కోతిపిల్లను సాధన మీద రాసే వ్యాసానికి దాచుకో. కరెంటు పేరా తీసేసి, సరిచేసిన ప్రతి పంపు.

ఆశీస్సులతో.