ఏడాది ఉద్యోగం మానేయాలంటే ఎంత ఉండాలి? పీఎఫ్ జోలికి మాత్రం పోవద్దు

ప్రశ్న: నాకు 34. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీ క్యూసీ (మందుల నాణ్యత తనిఖీ)లో తొమ్మిదేళ్లుగా చేస్తున్నా. బేసిక్ 18,000, చేతికి 46,000. షిఫ్టులతో ఒళ్లు హూనమైపోయింది. రెండేళ్లు దాచుకుని, ఒక ఏడాది మానేసి నరసన్నపేట దగ్గర మా ఊర్లో నాన్నతో ఉండి పొలం చూసుకుందామని. శ్రీకాకుళంలో నేను, మా ఆవిడ, పాప ఉంటున్నాం, అద్దె 7,000తో కలిపి నెల ఖర్చు 31,000, బండి ఈఎంఐ 3,800 ఇంకో 14 నెలలు. ఎఫ్‌డీ 1.8 లక్షలు, బంగారం లోను 1.2 లక్షలు. పీఎఫ్‌లో మూడున్నర లక్షలున్నాయి, అది తీసేస్తే ఏడాది గడిచిపోద్ది కదండీ?

జవాబు: గడిచిపోద్ది, కానీ తీయకండి, అసలు ఆ అవసరమే రాదు మీకు.

అద్దె పోతే నెలకి 24,000, ఏడాదికి 2,88,000. అందరూ ఇక్కడే లెక్క ఆపేస్తారు. తిరిగొచ్చాక ఉద్యోగం రేపే దొరకదు కదా, దానికో నాలుగు నెలలు వేసుకోండి, 96,000. పాప ఫీజు, హెల్త్ పాలసీ లాంటి ఏడాదికోసారి ఖర్చులకి 55,000, ఆసుపత్రికని విడిగా 60,000. మొత్తం ఐదు లక్షలు.

ముందు ఎఫ్‌డీ తీసి బంగారం విడిపించేయండి, ఎఫ్‌డీ వడ్డీ కన్నా లోను వడ్డీ ఎక్కువ కాబట్టి దాన్ని అలా ఉంచుకోవడంలో అర్థం లేదు. 60,000 మిగుల్తుంది. ఇప్పుడు నెలకి 11,200 మిగులుతోంది, బండి ఈఎంఐ అయ్యాక 15,000, జీతం పడిన రోజే ఆర్‌డీకి (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్లిపోయేలా పెట్టేస్తే రెండేళ్లకి మూడు లక్షలు దాటుతుంది. తక్కువపడేది లక్షా ముప్పై వేలు చిల్లర.

మీరు రాయని డబ్బు ఒకటుంది, గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసినందుకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చేది. ఐదేళ్లు దాటింది కాబట్టి హక్కుగా వస్తాది. బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి కనీసం వచ్చేది, అంటే 10,384, పదకొండేళ్లకి లక్షా పద్నాలుగు వేలు. మిగతాది ఆర్‌డీ వడ్డీ సర్దేస్తుంది. పీఎఫ్‌కి 2024-25లో 8.25 శాతం ఇచ్చారు, ఏ పెద్ద బ్యాంకు ఎఫ్‌డీ ఇస్తుందండీ అంత? పైగా పీఎఫ్ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, మీది తొమ్మిదే, ఇప్పుడు కోపంలో మానేసి ఆ పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే ఒక్క ఏడాది తేడాలో అది పోగొట్టుకున్నట్టే. రెండేళ్లు ఆగుతానన్నారు, మంచి పని.

హెల్త్ పాలసీ మాత్రం ఈ నెలలోనే తీసుకోండి, బంగారం లోను వడ్డీ మిగిలింది కదా, అది ప్రీమియంకి పెట్టండి. కంపెనీ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. ముందు నుంచి ఉన్న బీపీ, షుగర్‌కి మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు ఇన్సూరెన్స్ కంపెనీలు, ఇప్పుడు మొదలెడితే మీరు మానేసేటప్పటికి రెండేళ్లు గడిచిపోయి ఉంటాయి. సొంత పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

ఇంక పొలం సంగతి, నాకు భయం అక్కడే. వంశధార నీళ్లు వదిలాక దమ్ముకి ట్రాక్టరు, నాట్లకి కూలీలు, ఎరువు, అన్నీ వరసగా వస్తాయి, ఇంట్లో డబ్బుందని తెలిస్తే "ఓ పాతికేలు సర్దరా, కోతలయ్యాక ఇచ్చేస్తా" అని బంధువులూ వస్తారు, మొహమాటపడతారు మీరు. అక్టోబర్‌లో తుఫాను మాటేంటి? 2018లో తిత్లీ వచ్చింది అక్టోబర్ 11నే. పొలం పెట్టుబడి నాన్నగారిదే ఉండనివ్వండి, మీరు చెయ్యి సాయం చేయండి చాలు. ఆ ఐదు లక్షలూ నాలుగైదు ఎఫ్‌డీలుగా, మూడు నెలలకోటి చొప్పున తీరేలా పెట్టి, ఒకటో తారీఖున మీ ఆవిడ ఖాతాలో 24,000 వేయండి, జీతంలాగే. షేర్లు వద్దు, రిజిస్టర్ కాని చీటీలు అసలే వద్దు.

రాజీనామా ఇచ్చే ముందు ఒక్కసారి హెచ్ఆర్‌ని అడగండి, జీతం లేని సెలవు ఆరు నెలలు ఇస్తారేమో. ఇవ్వకపోతే పాప పరీక్షలయ్యాక ఏప్రిల్ ఆఖర్లో మానేయండి, జూన్‌లో ఊరి దగ్గర బళ్లో చేర్చుకోవచ్చు.