అడవిలో పూసిన లేడీస్ స్లిప్పర్‌ని తవ్వి పెరట్లో నాటుకోవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "న్యూజెర్సీలో మా ఇంటి వెనక పైన్ చెట్ల కింద గులాబీ రంగు లేడీస్ స్లిప్పర్లు నాలుగు పూశాయి. స్థలం మాదే. మట్టిగడ్డతో సహా తీసి ముందు పూలమడిలో పెడితే బతుకుతాయా?"

బతకవండి. లేడీస్ స్లిప్పర్ అంటే చెప్పులాంటి సంచి పువ్వు పూసే నేల ఆర్కిడ్ మొక్క. తవ్వి తెచ్చినవి ఒక ఏడాది బతికినట్టు కనిపిస్తాయి, అందరూ మోసపోయేది అక్కడే.

పూత అయ్యాక తవ్వి తెచ్చారనుకోండి. వచ్చే ఏటి మొగ్గ అప్పటికే నేలలో తయారవుతూ ఉంటుంది. వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి మరుసటి వసంతంలో రెండు ఆకులు వేస్తుంది, ఒక్కోసారి పూస్తుంది కూడా. నాటినవాళ్లు సంతోషంగా ఫొటోలు పెడతారు. రెండో ఏడు ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కుతాయి. మూడో ఏడు బొటనవేలంత ఆకు ఒకటి వస్తే గొప్ప. ఆ తర్వాత మట్టి కెలికి చూస్తే వేళ్లు గోధుమరంగుకి తిరిగి ఉంటాయి, రెండు వేళ్ల మధ్య నలిపితే పైతోలు ఊడి చేతికొస్తుంది.

కారణాల్లో మొదటిది పార. ఈ మొక్క వేళ్లు లోతుకి దిగవు. రాలిన పైన్ ఆకు కుళ్లే పొర కింద, పైపైనే, మొక్క చుట్టూ అడుగు దూరం దాకా అడ్డంగా పాకుతాయి. మీరు తీసే మట్టిగడ్డ ఎంత పెద్దదైనా చివర్లు తెగుతాయి. తెగిన వేరు మళ్లీ చిగురించదు. కొత్త వేళ్లు మొగ్గ దగ్గర మాత్రమే, అవీ ఏడాదికి కొన్నే పుడతాయి. రెండోది నేల. దీనికి పుల్లటి నేల, అంటే పీహెచ్ 4 నుంచి 5 లోపు ఉండాలి. లాన్ కోసం సున్నం చల్లుతుంటారు కాబట్టి ఇంటి ముందున్న పెరడు 6 దాటి ఉంటుంది. అంత పులుపు తగ్గిన నేలలో కుళ్లు రోగాలు వేళ్లకి తేలిగ్గా పడతాయి.

మూడోది శిలీంధ్రం. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. ఒక్కో కాయలో దుమ్ములాంటి గింజలు వేలకొద్దీ ఉంటాయి గానీ, ఏ గింజలోనూ మొలకకి తిండి ఉండదు. నేలలో ఉండే తులస్నెల్లా జాతి శిలీంధ్రం పోగు గింజలోకి దూరి, కణాల్లో ఉండలు చుట్టుకుంటుంది. ఆ ఉండల్ని అరిగించుకునే మొలక పెరుగుతుంది. ఆకు పైకి రాకుండా నేలలోనే ఏళ్లు గడుస్తాయి. పూతకి రావడానికి చాలాసార్లు పదేళ్లు పడుతుంది. పెద్దయ్యాక ఆకులతో సొంతంగా ఆహారం చేసుకున్నా, ఆ బీద నేలలో ఖనిజాల కోసం శిలీంధ్రాన్ని పూర్తిగా వదలదు. ఆర్కిడ్ గింజ శిలీంధ్రంతోనే మొలుస్తుందని ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ 1899లో ఫాంటెన్‌బ్లో అడవిలో కనిపెట్టాడు. అది లేకుండా, చక్కెర కలిపిన జెల్లీ మీద గింజ మొలిపించవచ్చని 1922లో కార్నెల్‌లో లూయిస్ నడ్సన్ చూపించాడు. ఇవాళ ల్యాబ్ మొక్కలు దొరుకుతున్నాయంటే అందుకే.

గార్డెన్ షాపులో అమ్మే మైకోరైజా (వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాల) పొడి కలిపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. అందులో ఉండేవి టమాటాలకీ గడ్డికీ ఓక్ చెట్లకీ పనికొచ్చే రకాలు, ఆర్కిడ్‌కి కావాల్సినవి వేరు. డబ్బా మీద పువ్వు బొమ్మ చూసి డబ్బు పోసుకోకండి. మన వైపు మామిడి కొమ్మల మీద వాండా ఆర్కిడ్ చూసి పెరిగినవాళ్లు దీన్నీ అలాగే కొబ్బరిపీచులో కట్టి పెంచుదామనుకుంటారు. అదీ కుదరదు, ఇది నేల మొక్క.

మీరు చేయాల్సింది అవి ఉన్నచోటే బాగు చేయడం. పైన్ ఆకు ఊడ్చకండి, లీఫ్ బ్లోయర్ని అటు తిప్పకండి. సున్నం, ఎరువు, ఫంగిసైడ్ ఆ దరిదాపులకి రానివ్వకండి. లాన్‌కి ఎరువు వేసే మనిషికి ముందే చెప్పి, హద్దుకి కర్రలు పాతండి. జింకలు మొగ్గ తినకుండా వైర్ మెష్ బోను ఒకటి పెట్టి, పువ్వు విచ్చాక తీసేయండి. మరీ చీకటైతే పూత ఆగిపోతుంది, పై చెట్ల కింది కొమ్మలు రెండు మూడు కొట్టించండి.

కాయ కూడా కావాలంటే చేత్తో పరాగం అంటించాలి. ఈ పువ్వులో తేనె ఉండదు. బంబుల్ బీ ముందున్న చీలికలోంచి సంచిలోకి దూరుతుంది, వచ్చిన దారిన పోలేదు. వెనక సందులోంచి పైకి పాకుతూ ముందు కీలాగ్రాన్ని, తర్వాత పుప్పొడిని రాసుకుంటూ బయటపడుతుంది. ఒకట్రెండుసార్లు మోసపోయాక ఇంకో పువ్వు జోలికి రాదు. అందుకే చాలాచోట్ల నూటికి ఐదు పూలు కూడా కాయవు. పళ్లు కుట్టుకునే పుల్లతో ఒక పువ్వు వెనక సందులోంచి జిగురు పుప్పొడి తీసి, ఇంకో పువ్వు సంచిని మెల్లగా కిందికి నొక్కి, పై కప్పు కిందున్న కీలాగ్రానికి అంటించండి. నాలుగింట్లో ఒక్కదానికే చేయండి. కాయ మోసిన మొక్క మరుసటి ఏడు చిన్నబోతుంది, పూయకపోవచ్చు కూడా. కాయ శరదృతువులో తనంతట తానే పగిలేదాకా కోయకండి. గింజలు తల్లి మొక్క చుట్టుపక్కలే పడనివ్వండి, కావాల్సిన శిలీంధ్రం ఉందని రుజువైన నేల అదే.

ముందు పెరట్లో కూడా ఉండాల్సిందే అంటే ల్యాబ్‌లో గింజ నుంచి పెంచిన పసుపు లేడీస్ స్లిప్పర్ గానీ గిసెలా హైబ్రిడ్ గానీ కొనండి. మామూలు తోట మట్టికి ఇవి సర్దుకుంటాయి. శరదృతువులో మట్టి లేని వేళ్లతో పంపుతారు. నీరు నిలవని సగం నీడలో, వేళ్లు చుట్టూ పరిచి, మొగ్గ మీద ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టి మాత్రమే కప్పండి. అమ్మేవాణ్ని "గింజ నుంచి పెంచారా" అని సూటిగా అడగండి. "నర్సరీలో పెంచింది" అన్న మాట చాలదు, అడవిలో తవ్వి ఒక సీజన్ కుండీలో ఉంచినదాన్ని కూడా అలాగే అమ్ముతారు. గులాబీ రకం చవగ్గా ఇస్తున్నారంటే అది తవ్వి తెచ్చిందే, కొనకండి.